ఒక్క వేసవి కోసం... జట్టునే ఖాళీ చేశారు!

జట్టు గెలవాలంటే మంచి ఆటగాళ్లని తెచ్చుకోవాలి. ఎవరైనా అదే చెబుతారు. అమెరికా బాస్కెట్‌బాల్‌ లీగ్‌ ఎన్‌బీఏలో మయామి హీట్‌ జట్టు మాత్రం ఉన్నవాళ్లని ఒక్కొక్కరినే సాగనంపింది. రెండేళ్లపాటు ఓపిగ్గా ఇల్లు ఖాళీ చేసుకుని కూర్చుంది. ఎందుకంటే 2010 జులైలో వచ్చే అతిథుల కోసం!

2010 జులై మొదటివారం. క్లీవ్‌లాండ్‌ నగరంలో ఓ సమావేశం. బల్లకి అవతల పాతికేళ్ల లెబ్రాన్‌ జేమ్స్‌. అప్పటికే రెండుసార్లు లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడు. కానీ ఒక్క ట్రోఫీ లేదు. ఇవతల అరవై అయిదేళ్ల పాట్‌ రైలీ, మయామి హీట్‌ అధ్యక్షుడు. ఆయన చిన్న సంచీ తీసి బల్లమీద పెట్టారు. అందులో ఉన్నవి తాను గెలిచిన ఛాంపియన్‌షిప్‌ ఉంగరాలు!

డబ్బు ఎవరైనా ఇస్తారు, ఉంగరం కావాలంటే మా దగ్గరికి రా... అని నోటితో అనకుండా చెప్పడమన్నమాట.

ఓ జట్టు పెద్దాయన ఆటగాడి ఊరికి వెళ్లి బతిమాలడమేంటి అనిపించొచ్చు. మనకి ఐపీఎల్‌ వేలం అలవాటు కదా. అక్కడ సుత్తి పడ్డాక ఏ ఊరికి ఆడాలో ఆటగాడి చేతిలో ఉండదు. ఎన్‌బీఏలో అలా కాదు. ఒప్పందం ముగిసిందంటే ఆటగాడు ‘ఫ్రీ ఏజెంట్‌’. తనకి నచ్చిన జట్టుని తనే ఎంచుకుంటాడు. ఈ స్వేచ్ఛ ఊరికే రాలేదు. ఒప్పందం ముగిసినా ఆటగాళ్లని జట్లు కట్టిపడేసే పద్ధతిమీద ఆస్కార్‌ రాబర్ట్‌సన్‌ అనే ఆటగాడు 1970లో కోర్టుకెళ్తే 1976లో రాజీ కుదిరింది. ఏ అడ్డూ లేకుండా జట్టు మారిన మొదటి ఆటగాడు టామ్‌ ఛాంబర్స్‌. అది 1988లో!

ఖాళీ ఎందుకంటే...

ఒక్కో జట్టు జీతాలకి ఎంత ఖర్చుపెట్టాలో లీగే నిర్ణయిస్తుంది. దాన్ని శాలరీ క్యాప్‌ అంటారు. 2010-11లో అది 5.8 కోట్ల డాలర్లు. (2025-26కి వచ్చేసరికి 15.4 కోట్లు దాటింది!) ఇందులో ఓ మెలిక ఉంది. సొంత ఆటగాణ్ని నిలుపుకోవడానికైతే పరిమితి దాటి కూడా ఇవ్వొచ్చు. బయటి స్టార్‌కి పెద్ద జీతం ఇవ్వాలంటే మాత్రం లెక్కలో ఖాళీ ఉండి తీరాలి. యజమాని ఎంత కోటీశ్వరుడైనా సరే.

2006లో కప్పు గెలిచిన హీట్‌ జట్టు 2007-08 సీజన్‌లో 82 మ్యాచ్‌ల్లో గెలిచింది 15! ఆ సీజన్‌ మధ్యలోనే షకీల్‌ ఓనీల్‌ని ఫీనిక్స్‌కి పంపి షాన్‌ మేరియన్‌ని తెచ్చారు. మరుసటి ఏడాది మేరియన్‌ని టొరంటోకి ఇచ్చి జెర్మైన్‌ ఓనీల్‌ని తీసుకున్నారు. అతడి చివరి ఏడాది జీతం దాదాపు 2.3 కోట్ల డాలర్లు. అంత ఖరీదైన ఆటగాడు ఎందుకంటారా? అతడి ఒప్పందం 2010లో ముగుస్తుంది. అదే దాని విలువ! ఆ జీతం లెక్కలోంచి పోతే అంతమేరా చోటు మిగులుతుంది.

చెప్పడానికి తేలిగ్గానే ఉంది కానీ ఇది జూదమే. జట్టుకి ప్రాణమైన డ్వేన్‌ వేడ్‌ ఒప్పందం కూడా ఆ వేసవిలోనే ముగుస్తోంది. 2009, 2010 రెండేళ్లూ ప్లేఆఫ్స్‌ తొలి రౌండ్‌లోనే ఇంటిముఖం పట్టారు. విసుగొచ్చి అతడు వెళ్లిపోతే? షికాగో అతడి సొంతూరు, ఆ జట్టుతోనూ మాట్లాడాడు. అదే జరిగుంటే రైలీ చేతిలో మిగిలేది ఖాళీ జట్టూ, ఉంగరాల సంచీ.

జరగలేదు. వేడ్‌ ఉండిపోయాడు, టొరంటో నుంచి క్రిస్‌ బోష్‌ వచ్చాడు. జులై 8న టీవీ కార్యక్రమంలో లెబ్రాన్‌ తానూ మయామికే వెళ్తున్నానని ప్రకటించాడు. లెక్క సరిపోవాలని లెబ్రాన్‌, బోష్‌ గరిష్ఠ జీతంకన్నా సుమారు కోటిన్నర డాలర్లు చొప్పున తగ్గించుకున్నారు.

అదే పందెం... ఇంకో జట్టు

న్యూయార్క్‌ నిక్స్‌ కూడా సరిగ్గా ఇదే చేసింది. 2008 నవంబరులో ఒకేరోజు జాక్‌ రాండాల్ఫ్‌, జమాల్‌ క్రాఫర్డ్‌లని వదిలించుకుంది. లెబ్రాన్‌ రాలేదు. దాంతో అమారే స్టౌడెమైర్‌కి అయిదేళ్లకి దాదాపు పది కోట్ల డాలర్లు రాసిచ్చింది. అతడి మోకాళ్లు అంతకాలం సహకరించలేదు. వదిలించుకున్న రాండాల్ఫేమో 2010లో మెంఫిస్‌ తరఫున ఆల్‌స్టార్‌ అయ్యాడు! ప్రణాళికలో తేడా లేదు. మయామి దగ్గర వేడ్‌ ఉన్నాడు, న్యూయార్క్‌ దగ్గర అలాంటివాడు లేడు. స్టార్లు ఖాళీని చూసి రారు, పక్కన ఎవరు ఆడతారో చూసి వస్తారని నాకనిపిస్తుంది.

ఇక క్లీవ్‌లాండ్‌. ముందు సీజన్‌లో 61 గెలుపులు, లెబ్రాన్‌ వెళ్లాక 19. వరసగా 26 మ్యాచ్‌లు ఓడింది. ఆ ఊళ్లో అభిమానులు అతడి జెర్సీలు తగలబెట్టారు.

ముగ్గురితో అయిపోదుగా!

జట్టంటే పదిహేనుమంది. ముగ్గురికే డబ్బంతా పోస్తే మిగతావాళ్ల సంగతి? మైకేల్‌ బీస్లీని చూడండి. 2008లో దేశంలోని కుర్రాళ్లందరిలోకీ రెండోవాడిగా ఎంచుకుని తెచ్చుకున్నారు. చోటు చాలక రెండేళ్లకే మిన్నెసోటాకి దాదాపు ఉచితంగా ఇచ్చేశారు. అప్పటికి అతడికి 21 ఏళ్లు.

తొలి ఏడాది మొదటి 17 మ్యాచ్‌ల్లో ఎనిమిది ఓడిపోయారు. 2011 ఫైనల్‌ డాలస్‌ ఎగరేసుకుపోయింది. అప్పుడు రైలీ తెచ్చింది మరో స్టార్‌ని కాదు, దూరం నుంచి గురిచూసి వేసేవాళ్లని. 2012లో గెలిచారు. ఆ వేసవిలో బోస్టన్‌ ఎక్కువ ఇస్తానన్నా కాదని వచ్చిన రే అలెన్‌, 2013 ఫైనల్‌ ఆరో మ్యాచ్‌లో 5.2 సెకన్లు ఉండగా వేసిన షాట్‌తో స్కోరు సమమైంది. లేకపోతే కప్పు శాన్‌ ఆంటోనియోదే.

యుడోనిస్‌ హాస్లెమ్‌ మయామి కుర్రాడు. డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోకపోతే ఫ్రాన్స్‌ వెళ్లి ఆడి, 2003లో సొంతూరి జట్టులో చేరాడు. 2010లో వేరే జట్లు దాదాపు 3.4 కోట్ల డాలర్లు ఇస్తామన్నాయి. రెండు కోట్లకే ఇక్కడ ఉండిపోయాడు. 2014లో లెబ్రాన్‌ క్లీవ్‌లాండ్‌ తిరిగెళ్లాడు. రక్తం గడ్డకట్టే సమస్యతో బోష్‌ ఆట 2016లో ఆగిపోయింది. అదే ఏడాది వేడ్‌ కూడా జీతం దగ్గర తేడా వచ్చి షికాగో వెళ్లాడు. హాస్లెమ్‌ మాత్రం 2023 దాకా అదే జట్టులో ఉన్నాడు... మొత్తం ఇరవై సీజన్లు.