డాక్టర్లు మారతారు... రోగి చరిత్ర చేరాలి!
ఆరు వారాలకోసారి కొత్త హౌస్‌సర్జన్లు.. ఏటా కొత్త పీజీలు
చేతులు మారేటప్పుడే పొరపాట్లకు ఆస్కారం
ఉద్దానం కిడ్నీ రోగులకు మరింత జాగ్రత్త అవసరం

పలాస, టెక్కలి: బోధనాసుపత్రిలో చేరిన రోగిని మొదట పలకరించేది ప్రొఫెసర్‌ కాదు. రక్త నమూనా తీసేది, కేస్‌షీట్‌ రాసేది, పరీక్షల నివేదికల కోసం తిరిగేది, అర్ధరాత్రి పిలిస్తే వచ్చేది హౌస్‌సర్జన్లు, పీజీ విద్యార్థులే. పెద్ద డాక్టర్లు నిర్ణయం తీసుకుంటే దాన్ని పడక వరకు చేర్చేది వారే. అయితే వీరెవరూ ఒకచోట స్థిరంగా ఉండరు. శిక్షణలో భాగంగా కొన్ని వారాలకోసారి విభాగం మారతారు. కోర్సు ముగిస్తే ఆసుపత్రినే విడిచి వెళతారు. జ్వరానికో, చిన్న శస్త్రచికిత్సకో వచ్చి వారంలో ఇంటికి వెళ్లే రోగికి ఈ మార్పు తెలియకపోవచ్చు. ఏళ్ల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరగాల్సిన ఉద్దానం కిడ్నీ రోగికి మాత్రం ఇది ప్రాణావసరమైన విషయం.

ఏటా ఎన్ని మార్పులు?
ఎంబీబీఎస్‌ పూర్తిచేసిన ప్రతి విద్యార్థి ఏడాదిపాటు హౌస్‌సర్జన్‌గా పనిచేయాలి. జాతీయ వైద్య కమిషన్‌ 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఆ ఏడాదిని విభాగాలవారీగా పంచారు. సామాజిక వైద్యానికి 12 వారాలు, ప్రసూతి విభాగానికి 7, జనరల్‌ మెడిసిన్‌కు 6, జనరల్‌ సర్జరీకి 6, పిల్లల విభాగానికి 3, అత్యవసర విభాగానికి 2 వారాలు కేటాయించారు. అంటే మెడిసిన్‌ వార్డులో ఒక హౌస్‌సర్జన్‌ ఉండేది నెలన్నర మాత్రమే. పని అలవడి, రోగులు పరిచయమయ్యే సమయానికి మరో విభాగానికి వెళ్లిపోతారు. నెలకోసారి పరీక్షలకు వచ్చే రోగికి రెండుసార్లు వరుసగా అదే ముఖం కనిపిస్తే అదృష్టమే.

పీజీ వైద్యుల శిక్షణ మూడేళ్లు. ఏటా చివరి సంవత్సరం వారు వెళ్లిపోతారు. మొదటి సంవత్సరం వారు రెండోదానికి, రెండో సంవత్సరం వారు మూడోదానికి చేరతారు. కొత్తవారు అడుగుపెడతారు. వార్డులో ప్రతి ఒక్కరి బాధ్యత ఒకేసారి మారుతుంది. నిన్నటివరకు అడిగి చేసినవారు నేడు చెప్పి చేయించాలి.

పీజీ శిక్షణలో మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలన్న నిబంధన కూడా ఉంది. గ్రామీణ రోగులకు నిపుణుల సేవలు అందించేందుకు ఇది మేలైన ఏర్పాటే. కానీ అక్కడా మూడు నెలలకోసారి ముఖాలు మారుతుంటాయి.

కొన్నిసార్లు పాతవారు వెళ్లిపోయినా కొత్తవారు రారు. 2021 సెప్టెంబరులో నీట్‌ పీజీ పరీక్ష జరిగినా, న్యాయ వివాదాలతో కౌన్సెలింగ్‌ 2022 జనవరి వరకు మొదలుకాలేదు. 2024లో జూన్‌ 23న జరగాల్సిన పరీక్షను ముందురోజు రాత్రి వాయిదావేసి ఆగస్టు 11న నిర్వహించారు. ఇలాంటి జాప్యం జరిగినప్పుడల్లా మూడు బ్యాచ్‌ల పనిభారం రెండు బ్యాచ్‌లపై పడుతుంది.

విదేశాల్లో ఏం తేలింది?
ఈ సమస్య మన దేశానికే పరిమితం కాదు. అమెరికాలో కొత్త శిక్షణ వైద్యులు జులైలో చేరతారు. ఇంగ్లండ్‌లో ఆగస్టు మొదటి బుధవారం ఒక్కరోజే దేశమంతటా జూనియర్‌ డాక్టర్లు మారతారు. అక్కడ 2000 నుంచి 2008 వరకు అత్యవసరంగా చేరిన సుమారు 3 లక్షల మంది వివరాలను ఇంపీరియల్‌ కాలేజీ పరిశోధకులు పరిశీలించారు. వయసు, వ్యాధి వంటి తేడాలను సరిచేసి లెక్కించగా, అంతకుముందు బుధవారం చేరినవారితో పోలిస్తే మార్పు రోజున చేరినవారిలో మరణావకాశం 6 శాతం ఎక్కువని 2009లో ప్రకటించారు. అమెరికాలో గుండెపోటు రోగులపై 2013లో వెలువడిన అధ్యయనం మరో కోణం చూపింది. ముప్పు తక్కువగా ఉన్నవారిలో జులైకి, మిగతా నెలలకు తేడా కనిపించలేదు. పరిస్థితి విషమంగా ఉన్నవారిలోనే తేడా బయటపడింది.

అలాగని బోధనాసుపత్రికి వెళ్లడమే ప్రమాదమని అనుకోవడం పొరపాటు. అమెరికాలో వృద్ధ రోగులపై 2017లో ప్రచురితమైన భారీ అధ్యయనంలో 30 రోజుల్లోపు మరణాలు పెద్ద బోధనాసుపత్రుల్లో 8.3 శాతం కాగా, బోధన లేని ఆసుపత్రుల్లో 9.5 శాతంగా తేలాయి. ప్రతి కేసునూ నలుగురు చర్చించడం, రాత్రింబవళ్లు డాక్టరు అందుబాటులో ఉండటం బోధనాసుపత్రుల బలం. శిక్షణ వైద్యులు మారకుండా ఉండటం కూడా సాధ్యం కాదు. అన్ని విభాగాలూ తిరిగితేనే వైద్యుడు తయారవుతాడు. కాబట్టి ఆలోచించాల్సింది మార్పును ఆపడం గురించి కాదు. మార్పు జరిగినప్పుడు రోగి సమాచారం జారిపోకుండా చూడటం గురించి.

ఉద్దానానికి ఎందుకు ముఖ్యం?
ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కారణం తెలియని కిడ్నీ వ్యాధి దశాబ్దాలుగా పీడిస్తోంది. ఉద్దానంలో జరిపి 2019లో ప్రచురించిన అధ్యయనంలో పెద్దవారిలో సుమారు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి ఉన్నట్లు గుర్తించారు. వారిలో అధికశాతం మందికి మధుమేహం వంటి తెలిసిన కారణాలు లేవు.

వీరు చికిత్స కోసం ఒకే చోటికి వెళ్లరు. పలాసలో 2023 డిసెంబరు 14న కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. టెక్కలిలో జిల్లా ఆసుపత్రి ఉంది. శ్రీకాకుళంలో 2008లో రిమ్స్‌గా మొదలైన ప్రభుత్వ వైద్య కళాశాల, విశాఖలో కేజీహెచ్‌ ఉన్నాయి. ఇచ్ఛాపురం వైపు వారికి వంద కిలోమీటర్లకు పైగా దూరంలోని శ్రీకాకుళం కంటే సరిహద్దు దాటి బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల దగ్గర. డాక్టర్లు మారడానికి తోడు ఆసుపత్రులూ మారతాయి. రాష్ట్రమే మారుతుంది. వారానికి మూడుసార్లు డయాలసిస్‌ చేయించుకునే వ్యక్తి ఏడాదిలో 156 సార్లు పడక ఎక్కాలి. అన్నిసార్లూ అతని వివరాలు తెలిసిన వైద్యుడే ఉంటాడనుకోవడానికి లేదు.

జారిపోయేవి ఇవే..
కొత్త డాక్టరుకు తెలియకపోతే ముప్పు తెచ్చేవి చూడటానికి చిన్న విషయాలే. డయాలసిస్‌ కోసం చేతిలో ధమనిని, సిరను కలిపి ఫిస్టులా ఏర్పాటుచేస్తారు. ఆ చేతికి రక్తం తీసే సూది గుచ్చకూడదు, బీపీ పట్టీ కట్టకూడదు. అది దెబ్బతింటే రోగికి మళ్లీ శస్త్రచికిత్స తప్పకపోవచ్చు.

క్రియాటినిన్‌ 4 ఉందని నివేదిక వస్తే అది ఏళ్లుగా ఉన్నదా, నాలుగు రోజుల్లో పెరిగిందా అన్నది పాత చీటీ చూస్తేనే తెలుస్తుంది. రెండింటికీ చికిత్స వేరు. ఒళ్లునొప్పులని వచ్చినవారికి మామూలుగా ఇచ్చే డైక్లోఫినాక్‌ వంటి నొప్పి మందులు కిడ్నీ రోగికి హాని చేస్తాయి. కొన్ని యాంటీబయాటిక్‌ల మోతాదు తగ్గించాలి. సెలైన్‌ ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు ఎంతో తెలియకపోతే డయాలసిస్‌లో ఎంత నీరు తీయాలో తేల్చడం కష్టం.

ఆహారం సంగతీ అంతే. ఉద్దానం కొబ్బరితోటల సీమ. నీరసపడినవారికి కొబ్బరినీళ్లు తాగించడం ఇంటింటి అలవాటు. అందులో పొటాషియం అధికం. కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారిలో అది గుండె లయనే దెబ్బతీయగలదు. ప్రభుత్వ కళాశాలల్లో 15 శాతం ఎంబీబీఎస్‌ సీట్లు, 50 శాతం పీజీ సీట్లు అఖిల భారత కోటాలో భర్తీ అవుతాయి. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన యువ వైద్యుడు ‘ఏం తాగారు’ అని అడగాలని ఎవరైనా చెబితేనే తెలుస్తుంది. ఒడియా మాట్లాడే సరిహద్దు గ్రామాల రోగి విషయంలో తెలుగు వైద్యుడికీ ఇదే ఇబ్బంది ఎదురవుతుంది.

అప్పగింతే మందు
విధులు అప్పగించడాన్ని ఒక పద్ధతిగా నేర్పితే ఫలితం ఉంటుందని రుజువైంది. రోగి పరిస్థితి ఎంత తీవ్రం, ఇప్పటివరకు ఏం జరిగింది, ఇంకా ఏం చేయాలి, పరిస్థితి తిరగబడితే ఏం చేయాలి అన్నవి వరుసగా చెప్పాలి. విన్నవారు తాము అర్థం చేసుకున్నది తిరిగి చెప్పాలి. అమెరికా, కెనడాల్లోని 9 పిల్లల ఆసుపత్రి విభాగాల్లో ఈ పద్ధతిని అమలుచేయగా వైద్య పొరపాట్లు 23 శాతం, నివారించదగిన హాని 30 శాతం తగ్గినట్లు 2014లో వెల్లడైంది. దీనికి కొత్త యంత్రాలేవీ అవసరం లేదు. ఒక కాగితం, కొన్ని నిమిషాల సమయం చాలు.

ఇంగ్లండ్‌లో 2012 నుంచి కొత్త డాక్టర్లు బాధ్యతలు స్వీకరించడానికి ముందు కనీసం నాలుగు రోజులు పాతవారి వెంట ఉండి పని చూసే ఏర్పాటు చేశారు. ఇక్కడా పాత, కొత్త బ్యాచ్‌లు కొన్ని రోజులు కలిసి పనిచేసేలా చూడవచ్చు. ఒక యూనిట్‌లోని వారందరినీ ఒకేరోజు మార్చకుండా విడతలవారీగా మార్చవచ్చు. మార్పు జరిగిన మొదటి వారంలో సీనియర్లు రాత్రి రౌండ్లకు తప్పక రావాలి. డాక్టర్లు మారినా వార్డులో ఎక్కువకాలం ఉండేది స్టాఫ్‌నర్సులు, డయాలసిస్‌ టెక్నీషియన్లు. అప్పగింత సమయంలో వారిని పక్కన నిలబెట్టుకుంటే కాగితంపై లేనిది వారి నోటి నుంచి వస్తుంది.

రోగులు చేయగలిగినవి
- పాత నివేదికలు, డిశ్చార్జి చీటీలు తేదీల వరుసలో ఒకే ఫైలులో ఉంచుకోవాలి. ఏ ఆసుపత్రికి వెళ్లినా వెంట తీసుకెళ్లాలి.
- ఫైలు మొదటి పేజీలో ఫిస్టులా ఉన్న చేయి, చివరి క్రియాటినిన్‌, డయాలసిస్‌ తర్వాతి బరువు, పడని మందులు పెద్ద అక్షరాలతో రాయించుకోవాలి.
- వాడుతున్న మాత్రల అట్టలు చూపించాలి. పేరు గుర్తులేకుంటే రంగు చెప్పి ఊరుకోకూడదు.
- కొత్త డాక్టరు వచ్చినప్పుడు ‘నాకు కిడ్నీ జబ్బు ఉంది’ అని అడగకముందే చెప్పాలి. మందుల దుకాణంలోనూ ఈ మాట మరవకూడదు.
- ఆయుష్మాన్‌ భారత్‌ హెల్త్‌ అకౌంట్‌ (ఆభా) సంఖ్య ఉంటే ప్రతిసారీ నమోదు చేయించుకోవాలి. అయితే కాగితం ఫైలును పారేయకూడదు.

హౌస్‌సర్జన్‌ నెలన్నరకు వెళ్లిపోతాడు. పీజీ మూడేళ్లకు వెళ్లిపోతాడు. మూత్రపిండాల జబ్బు మాత్రం రోగితోనే ఉంటుంది. దాని కథ తెలిసినవారు వెళ్లేముందు తర్వాతివారికి చెప్పి వెళ్లడం మర్యాద కాదు, చికిత్సలో భాగం.