పందికి కావాల్సింది ప్రోటీన్ కాదు, లైసిన్! | ఎపిసోడ్ పూర్తి పాఠం

ఇవాళ్టి టాపిక్ పందుల దాణా. ఆగండి, అప్పుడే స్క్రోల్ చేసెయ్యకండి. ఇందులో డైనోసార్లు ఉన్నాయి, ఎఫ్‌బీఐ ఉంది, చైనా ఉంది, మన పప్పన్నం కూడా ఉంది.

ముందు డైనోసార్ల సంగతి చూద్దాం. 1993లో వచ్చిన జురాసిక్ పార్క్ సినిమాలో ఒక సేఫ్టీ ప్లాన్ గురించి చెప్తారు. డైనోసార్ల ఒంట్లో లైసిన్ అనే పదార్థం తయారు కాకుండా జన్యువుల్ని మార్చారట. మనుషులు పెట్టకపోతే అవి కోమాలోకి వెళ్లి చచ్చిపోతాయట. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ అసలు విషయం ఏంటంటే, పందీ, కోడీ, మీరూ, నేనూ... మనలో ఎవరి ఒంట్లోనూ లైసిన్ తయారు కాదు. మొక్కలూ సూక్ష్మజీవులూ తయారు చేస్తే, మనం తిని తెచ్చుకోవాల్సిందే. అంటే ఆ ప్లాన్ ఎలా ఉందంటే, చేపలు ఎగిరిపోకుండా రెక్కలు కత్తిరించాం అన్నట్టుంది!

సినిమాలో కామెడీ అయిన ఈ లైసినే పందుల పెంపకంలో లాభనష్టాల్ని తేల్చేస్తుంది. ఎలాగో చూద్దాం.

కూడిక కాదు, కనిష్ఠం

ప్రోటీన్ అంటే ఒకే వస్తువు కాదు. 20 రకాల అమైనో ఆమ్లాల్ని పూసల్లా గుచ్చిన దండ అది. వాటిలో కొన్నిటిని పంది ఒంట్లోనే తయారు చేసుకుంటుంది. లైసిన్, మెథియోనిన్, థ్రియోనిన్, ట్రిప్టోఫాన్, వాలిన్ లాంటివి మాత్రం మేతలోంచే రావాలి.

ఇక్కడో చిక్కుంది. కండ కట్టాలంటే అన్ని పూసలూ ఒకేసారి చేతిలో ఉండాలి. ఒక పెళ్లి భోజనం ఊహించుకోండి. 500 మందికి కూర చేశారు, 500 మందికి పప్పు చేశారు, అన్నం మాత్రం 300 మందికే వండారు. కడుపునిండా భోంచేసేది ఎంతమంది? 300. మిగిలిన కూరా పప్పూ వృథా. కోడింగ్ వచ్చినవాళ్లకి ఒక్క ముక్కలో చెప్తా: ఇది 'సమ్' ఫంక్షన్ కాదు, 'మిన్' ఫంక్షన్. ఏది తక్కువుంటే లెక్క అక్కడితో ఆగిపోతుంది.

మొక్కజొన్న, గోధుమ, నూకలు లాంటి ధాన్యాల మీద పెరిగే పందికి మొదట తక్కువపడేది దాదాపు ఎప్పుడూ లైసినే. అందుకే పోషకాహార నిపుణులు లైసిన్ని 100 అనుకుని, మిగతావాటిని దానితో నిష్పత్తిలో చెప్తారు. థ్రియోనిన్ 60 పైచిలుకు, ట్రిప్టోఫాన్ 17, 18, అలాగన్నమాట. దీన్నే 'ఆదర్శ ప్రోటీన్' పద్ధతి అంటారు.

మనవాళ్లకి ఈ సైన్స్ పేరు తెలియకపోయినా పద్ధతి తెలుసు. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో ఎక్కువ. పప్పులో మెథియోనిన్ తక్కువ, బియ్యంలో ఫర్వాలేదు. రెండూ కలిపి తింటే ఒకదాని లోటు ఇంకోటి తీరుస్తుంది. పప్పన్నం అంటే అదే!

బస్తా మీద రాయని నెంబర్

ఇప్పుడు పందుల షెడ్డు పెడదామనుకునే తమ్ముళ్లు జాగ్రత్తగా వినండి. ఖర్చులో సగానికి పైగా మేతకే పోతుంది. వేరుశనగ చెక్కలో ప్రోటీన్ సుమారు 45 శాతం, సోయా చెక్కలో 44 నుంచి 48 శాతం. బస్తా మీది అంకెలు చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి. కానీ వేరుశనగ చెక్కలో లైసిన్ సోయా చెక్కలో ఉన్నదాంట్లో దాదాపు సగమే ఉంటుంది. మొక్కజొన్నకీ, తవుడుకీ సోయా బదులు వేరుశనగ చెక్క కలిపితే, కాగితం మీద ప్రోటీన్ సరిపోతుంది, పంది మాత్రం అనుకున్నంత పెరగదు. మేత సరిగ్గా తినట్లేదేమో అని ఇంకా ఎక్కువ పోస్తాం. పెళ్లిలో అన్నం అయిపోతే కూర ఇంకో గిన్నె వండినట్టు!

మరి పరిష్కారం? తక్కువపడిన ఆ ఒక్కదాన్నే విడిగా కలపడం. పొడి రూపంలో దొరికే లైసిన్ హైడ్రోక్లోరైడ్‌లో లైసిన్ సుమారు 78 శాతం ఉంటుంది. అమెరికా మొక్కజొన్న ప్రాంతాల్లో రైతులు వాడే ఒక పాత లెక్కని మన కిలోల్లోకి మారిస్తే ఇలా వస్తుంది. టన్ను దాణాలోంచి 50 కిలోల సోయా చెక్క తీసేయండి. దాని బదులు 48.5 కిలోల మొక్కజొన్న, 1.5 కిలోల లైసిన్ పొడి వేయండి. పందికి అందే లైసిన్ దాదాపు అంతే ఉంటుంది. ఒక బస్తా సోయా చేసే పనిని ఒక గిన్నెడు పొడి, చవక ధాన్యం కలిసి చేసేశాయి.

అయితే అప్పుడప్పుడూ సోయా చవగ్గా, లైసిన్ ఖరీదుగా ఉండొచ్చు. కొనేముందు మూడు ధరలూ పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఈ పొడి ఎక్కణ్నుంచి వస్తుంది?

నూడుల్స్‌లో వేసే టేస్టింగ్ సాల్ట్ తెలుసు కదా? దానికి కావాల్సిన గ్లుటమేట్‌ని బయటికి వదిలే ఒక బ్యాక్టీరియాని 1950ల్లో జపాన్‌లో కనిపెట్టారు. పేరు కోరినెబ్యాక్టీరియం గ్లుటామికం. దానిలోని మార్పు చెందిన రకాలు లైసిన్ తయారు చేస్తాయని తర్వాత తేలింది. పెద్ద ట్యాంకుల్లో వాటికి మొక్కజొన్న పిండి నుంచి తీసిన చక్కెరో, మొలాసిసో పోస్తారు. అవి తిని లైసిన్ ఇస్తాయి. ఇడ్లీ పిండి పులియబెట్టడానికి ఇది పెద్దన్న లాంటిదన్నమాట.

ఈ వ్యాపారం ఎంత పెద్దదంటే, 1990ల్లో అమెరికా, జపాన్, కొరియా కంపెనీలు కొన్ని హోటల్ గదుల్లో కూర్చుని లైసిన్ ధరలు కుమ్మక్కై నిర్ణయించాయి. అమెరికా కంపెనీ ఆర్చర్ డేనియల్స్ మిడ్‌ల్యాండ్‌లో పెద్ద అధికారి మార్క్ విటేకరే ఎఫ్‌బీఐకి ఇన్‌ఫార్మర్‌గా మారి ఆ మీటింగులు రహస్యంగా రికార్డు చేయించాడు. 1996లో ఆ కంపెనీ లైసిన్, సిట్రిక్ యాసిడ్ కేసుల్లో నేరం ఒప్పుకుని 10 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. 2009లో మ్యాట్ డేమన్ హీరోగా 'ది ఇన్‌ఫార్మెంట్' సినిమా వచ్చింది దీని మీదే.

వాసన నుంచి విదేశీ వ్యవహారాల దాకా

వాడుకోలేని అమైనో ఆమ్లాల్ని పంది దాచుకోలేదు. విరిచేసి, అందులోని నత్రజనిని యూరియాగా మార్చి మూత్రంలో వదిలేస్తుంది. షెడ్డులో కళ్లు మండించే అమ్మోనియా ఎక్కువగా అక్కణ్నుంచే వస్తుంది. దాణాలో ప్రోటీన్ 1 శాతం తగ్గించి, కావాల్సిన అమైనో ఆమ్లాలు విడిగా కలిపితే, బయటికి పోయే నత్రజని సుమారు 8 నుంచి 10 శాతం తగ్గుతుంది. పాలు మాన్పించిన పిల్లల్లో విరేచనాలు కూడా తగ్గుతాయి. ఎందుకంటే, అరగని ప్రోటీన్ మీద పేగుల్లో పెరిగే చెడ్డ బ్యాక్టీరియాకి తిండి తగ్గుతుంది.

ఇక చైనా. ప్రపంచంలోని పందుల్లో దాదాపు సగం అక్కడే ఉన్నాయి. వాటికి కావాల్సిన సోయా మాత్రం ఎక్కువ భాగం బ్రెజిల్, అమెరికాల నుంచి ఓడల్లో రావాలి. అమెరికాతో వాణిజ్య గొడవ వచ్చినప్పుడల్లా గొంతు మీద కత్తే. అందుకే 2023 ఏప్రిల్‌లో చైనా వ్యవసాయ శాఖ మూడేళ్ల ప్లాన్ ప్రకటించింది. 2022లో 14.5 శాతంగా ఉన్న సోయా చెక్క వాటాని 2025కల్లా 13 శాతం లోపుకి తేవాలని. సోయా తగ్గించి, అమైనో ఆమ్లాలు పెంచడం అందులో ఒక ముఖ్యమైన దారి. ఒక పొడి డబ్బా దేశ భద్రత దాకా వెళ్లింది చూశారా!

ఎక్కడ ఆగాలి?

"అయితే బ్రో, లైసిన్ దండిగా పోసేద్దాం" అంటారా? కుదరదు. అన్నం 500 మందికి వండగానే ఇప్పుడు విస్తళ్లు చాలవు. సోయా ఇంకా తగ్గిస్తే థ్రియోనిన్, మెథియోనిన్, ట్రిప్టోఫాన్ తక్కువపడతాయి, ఆ తర్వాత వాలిన్. అవీ కలపాలి.

ఇంకో మూడు మాటలు. ఒకటి, కిలోన్నర పొడిని టన్నులో నేరుగా పారేస్తే సమంగా కలవదు. ముందు కొంచెం పిండిలో బాగా కలిపి, తర్వాత మొత్తంలో కలపాలి. రెండు, విడి లైసిన్ రక్తంలోకి త్వరగా చేరిపోతుంది. రోజుకి ఒక్కసారే మేత వేస్తే మిగతావి వచ్చేలోపు ఇది ఖర్చైపోతుంది. మేత రెండు మూడుసార్లుగా ఇవ్వడం మేలు. మూడు, వయసుని బట్టి అవసరం మారుతుంది. అమెరికా జాతీయ పరిశోధన మండలి 2012 పట్టిక ప్రకారం 11 నుంచి 25 కిలోల పిల్లకి దాణాలో జీర్ణమయ్యే లైసిన్ 1.23 శాతం ఉండాలి, 100 కిలోలు దాటిన పందికి 0.61 శాతం చాలు. అంటే సగం! అన్నిటికీ ఒకటే దాణా వేస్తే, చిన్నవాటికి చాలదు, పెద్దవాటికి డబ్బు దండగ. మీ జాతికీ, మీ దగ్గర దొరికే మేతకీ తగ్గ ఫార్ములా పశువైద్యుడితోనో, పోషకాహార నిపుణుడితోనో వేయించుకోండి.

దాణా కొట్టుకి వెళ్తే "ఇందులో ప్రోటీన్ ఎంత?" అని అడిగి ఆగిపోకండి. "జీర్ణమయ్యే లైసిన్ ఎంత?" అని కూడా అడగండి. సమాధానం రాకపోతే, ఆ బస్తా గురించి మీకు సగమే తెలుసన్నమాట. షెడ్డు పెట్టే ఆలోచనలో ఉన్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే, అప్పు తీసుకోకముందే ఈ ఎపిసోడ్ పంపండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.