ముహమ్మద్ అలీ దస్తఖత్ అసలుదా, నకిలీదా? చేతిరాతలో దొరికే ఆనవాళ్లు

బాక్సింగ్ దిగ్గజం ముహమ్మద్ అలీ సంతకం చేసిన గ్లోవ్‌లు, ఫోటోలకు ప్రపంచమంతా గిరాకీ ఉంది. గిరాకీ ఉన్నచోట నకిలీ కూడా ఉంటుంది. 1990వ దశకంలో అమెరికా ఎఫ్‌బీఐ ‘ఆపరేషన్ బుల్‌పెన్’ పేరుతో నకిలీ ఆటోగ్రాఫ్‌ల ముఠాలను పట్టుకుంది. మదర్ థెరిసా సంతకం చేసినట్టు చూపే బేస్‌బాల్ బంతి కూడా వాళ్ల సరుకులో దొరికింది! అలీ పేరు మీద అమ్మేవాటిని నమ్మే ముందు ఏం చూడాలి?

ఏ పేరు, ఏ కాలం?

అలీ అసలు పేరు కాషియస్ క్లే. 1964 ఫిబ్రవరిలో సోనీ లిస్టన్‌ను ఓడించి చాంపియన్ అయ్యాక, మార్చిలో ముహమ్మద్ అలీ అయ్యారు. కాబట్టి 1962లో చేసినదంటూ ‘ముహమ్మద్ అలీ’ సంతకం చూపిస్తే అది అబద్ధమే. అలాగని తర్వాతి కాలపు ఫోటో మీద ‘కాషియస్ క్లే’ అని ఉంటే వెంటనే నకిలీ అనలేం. అభిమానులు అడిగితే ఆయన పాత పేరు కూడా రాసిచ్చేవారు. అయితే ఆ చేతిరాత ముసలితనపు అలీదై ఉండాలి, కుర్ర క్లేది కాదు.

గీత వేగం

తన సంతకం తాను చేసేవాడు ఆలోచించడు, చెయ్యి దానంతట అదే పోతుంది. గీత మొదలు, చివర సన్నగా తేలిపోతాయి. నకలు చేసేవాడు మాత్రం బొమ్మ గీసినట్టు నెమ్మదిగా గీస్తాడు. అందుకే గీత ఒకే మందంగా, చివర్లు మొద్దుగా ఉంటాయి. మలుపుల దగ్గర పెన్ను ఆగి ఇంకు చుక్క కడుతుంది. అక్షరం మధ్యలో పెన్ను ఎత్తడం, గీసిన చోటే మళ్లీ దిద్దడం కూడా అనుమానించాల్సినవే. ఇంకోటి, ఏ మనిషీ రెండుసార్లు అచ్చం ఒకేలా సంతకం చేయడు. రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి పెడితే వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయంటే, ఒకటి దిద్దిందో అచ్చు వేసిందో అయి ఉంటుంది.

వణుకు ఉంటే నకిలీయేనా?

చాలామంది పొరబడేది ఇక్కడే. మామూలుగా వణికిన గీత నకిలీకి గుర్తు. కానీ అలీకి 1984లో పార్కిన్సన్స్ జబ్బు నిర్ధారణ అయింది. ఈ జబ్బులో చెయ్యి వణుకుతుంది, అక్షరాలు చిన్నవై ఇరుకుగా మారతాయి. కాబట్టి 1990ల నాటి అలీ సంతకం గుండ్రంగా, జోరుగా, పెద్దగా ఉంటేనే అనుమానించాలి! జబ్బు వణుకు గీత పొడవునా ఉంటుంది. అయినా అక్షరం ఎక్కడ మొదలై ఎటు తిరగాలో ఆ అలవాటు పోదు. నకలు చేసేవాడి తడబాటు మాత్రం కష్టమైన మలుపుల దగ్గరే కనిపిస్తుంది.

1980లో అలీ మద్రాసు వచ్చి జిమ్మీ ఎల్లిస్‌తో ఎగ్జిబిషన్ పోటీ ఆడారు. అప్పుడు తీసుకున్న ఆటోగ్రాఫ్ అని ఎవరైనా చూపిస్తే, దాన్ని ఆ రోజుల నాటి సంతకాలతోనే పోల్చాలి. చివరి రోజులవాటితో పోలిస్తే అసలుది కూడా నకిలీలా కనిపిస్తుంది.

పెన్ను కూడా సాక్షే

షార్పీ మార్కర్ బజారులోకి వచ్చింది 1964లో. 1960 రోమ్ ఒలింపిక్స్ సమయంలో చేసినదంటూ షార్పీ సంతకం చూపితే నమ్మొద్దు. భూతద్దంలో చూస్తే చిన్న చిన్న చుక్కలు కనబడితే అది అచ్చు.

కొనేముందు, దాచేటప్పుడు

సర్టిఫికెట్ ఉంది కదా అని డబ్బు కట్టేయొద్దు. బుల్‌పెన్ కేసులో సర్టిఫికెట్లు కూడా దొంగవే. అదే ఏడాది నాటి, అసలువని తేలిన సంతకాలు నాలుగైదు పక్కన పెట్టి పోల్చాలి. మొత్తం పెద్దదైతే నిపుణులకు చూపించాలి.

అలీ సంతకం చేసిన ఇస్లామిక్ కరపత్రాలను అభిమానులకు పంచేవారు. అలాంటిది ఇంట్లో ఉంటే లామినేషన్ చేయించొద్దు, వెలిసిన ఇంకును మళ్లీ దిద్దొద్దు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ తీసుకున్నారో పెద్దలను అడిగి వేరే కాగితం మీద రాసి పక్కన ఉంచండి. పోల్చి చూసేవాళ్లకు మొదట కావాల్సింది ఆ తేదీయే.