తలుపు మూసికొన్న పువ్వు

1990వ సంవత్సరమున అమెరికాలో క్రెయిగ్ లెహూలియర్ అను రసాయన శాస్త్రజ్ఞుని ఇంటికి టపాలో ఒక కవరు వచ్చినది. పంపినవారు టెన్నెసీ రాష్ట్రవాసి. ఆయనకు ముఖపరిచయమైనను లేనివారు. విప్పి చూడగా అందు కొన్ని టమాటా గింజలును, ఒక జాబును ఉన్నవి. ఇది ఊదావన్నె టమాటా, నూఱేండ్ల క్రిందట చెరోకీ తెగవారు తమ పొరుగువారికి ఇచ్చినదని వినికిడి, దీనికి పేరు లేదు, అని ఆ జాబు సారాంశము. పెరటి సేద్యమనిన ప్రాణము పెట్టు ఆ శాస్త్రజ్ఞుడు గింజలు నాటి, పండిన కాయను కోసి రుచి చూచి, తానే దానికి చెరోకీ పర్పుల్ అని నామకరణము చేసి, చిన్నపాటి విత్తన వ్యాపారి యొకరికి పంపగా, ఆ వ్యాపారి రుచికి మెచ్చియు, కమిలిన దెబ్బవలె నున్న ఈ కాయను జనము కొందురా యని సంకోచించుచునే తన జాబితాలో చేర్చెనట. నేడు అమెరికాలో పెరటి తోటలవారి నడుమ ఆ పేరు విననివారు అరుదు.

ఈ వృత్తాంతము తలపునకు వచ్చినప్పుడెల్ల, కాయ రంగు మాట అటుంచి, ఆ ఇరువురి నడుమ నడచిన నమ్మకమే నాకు ఆశ్చర్యము గొల్పును. బియ్యమును అరచేత పోసికొని మంచిచెడ్డలు చెప్పవచ్చును. వంకాయను వేలితో నొక్కి లేతయో ముదురో తెలిసికొనవచ్చును. టమాటా గింజ మాత్రము ఏ రకముదైనను అదే నూగు, అదే బూడిదవన్నె, అదే అల్పాకారము. కవరుపై వ్రాసిన మాటకు సాక్షి లేదు. మూడు నాలుగు నెలలు నీరు పోసి, పందిరి కర్రలు పాతి, చీడ వదల్చి, కాయ పండిన దినమున గాని ఆ మాట సత్యమో అసత్యమో తేలదు. ఇట్టి వ్యవహారము ముక్కుమొగ మెరుగని వారి నడుమ ఏండ్ల తరబడి సాగుచున్నదన్నచో, అందుకు మనుష్యుల మంచితనము కొంత కారణమైనను, అధిక భాగము ఆ పువ్వు స్వభావమే కారణమని నా అభిప్రాయము.

ప్రాతఃకాలమున విరిసిన టమాటా పువ్వు నొకదానిని త్రుంచి చూడుడు. పసుపుపచ్చని రెక్కలు వెనుకకు ముడుచుకొని యుండగా, నడుమ కేసరములన్నియు ఒకదాని నొకటి అంటుకొని చిన్న గొట్టముగా ఏర్పడి యుండును. ఆ గొట్టమును గోటితో చీల్చినచో లోపల సన్నని కీలము దాగి యుండును. పుప్పొడి గొట్టము లోపలి వైపుననే రాలును. గాలి కదలించినను, తుమ్మెద వ్రాలి ఝుంకారముతో అదరించినను ఆ పొడి అక్కడి కీలాగ్రమునకే అంటును. అనగా టమాటా పువ్వు తలుపు మూసికొని తన కాపురము తాను చేసికొనును. పొరుగు మడిలో మఱియొక రకము పూచియున్నను సామాన్యముగా బెరకు కాదు. ఆండీస్ పర్వత ప్రాంతముల నున్న దీని అడవి జ్ఞాతులలో పెక్కింటికి ఈ గుట్టు లేదు. వానికి కీలము గొట్టము దాటి బయటికి పొడుచుకొని వచ్చి పరాయి పుప్పొడికై ఎదురు చూచును. మనుష్యుని మచ్చికకు వచ్చిన పిమ్మట ఆ కీలము పొట్టిదయ్యెను. దానికి మూలమైన జన్యుమార్పును 2007లో శాస్త్రజ్ఞులు గుర్తించిరి. నేటికిని బంగాళాదుంప ఆకు వంటి వెడల్పు ఆకులు కల పాత రకములు కొన్నింట కీలాగ్రము బయటికి తొంగిచూచుట కద్దు. అట్టివానికి అనుభవజ్ఞులు మొగ్గ దశలోనే పలుచని గుడ్డసంచి తొడుగుదురు.

మన బీర, సొర, గుమ్మడి పాదుల సంగతి దీనికి పూర్తిగా విరుద్ధము. వానిలో ఆడపువ్వు వేరు, మగపువ్వు వేరు; తుమ్మెద ఏ ఇంటి నుండి వచ్చి ఏ ఇంట వ్రాలునో తెలియదు. కావుననే మన పల్లెలలో పెద్దముత్తైదువులు మంచి కాయ నొకదానిని విత్తనమునకని పాదు మీదనే ముదురనిచ్చి, గింజలను పేడముద్దలో గ్రుచ్చి గోడకు కొట్టి, మరుసటి వానకాలము వరకు కాపాడినను, ఒక్కొక్క యేడు చేదుసొర కాయుటయు, అమ్మమ్మ విత్తనమున కేమైనదో యని ఇంటిల్లపాది విస్తుపోవుటయు జరుగుచుండెను.

ముక్కుమొగ మెరుగని వారి నడుమ సాగు ఈ గింజల వినిమయమునకు పెద్ద వ్యవస్థనే నిర్మించినవారు డయాన్ ఆట్ వీలీ, కెంట్ వీలీ అను దంపతులు. డయాన్ తాతగారు కాలధర్మము చెందుటకు ముందు మనుమరాలి చేతిలో రెండు రకముల విత్తనములు పెట్టెను. ఒకటి ఊదా పూవుల తీగ, రెండవది జర్మన్ పింక్ అను టమాటా. ఆయన పెద్దలు పందొమ్మిదవ శతాబ్దమున బవేరియా నుండి వలస వచ్చునపుడు వెంట తెచ్చుకొన్నవి అవి. తాతగారితోనే ఆ గింజలు కూడ అంతరించియుండవలసినది గదా, దేశమున ఇట్టి పెరడు లెన్ని యున్నవో యను చింతతో 1975లో ఆ దంపతులు విత్తన వినిమయ సంఘము నొకదానిని స్థాపించిరి. అదియే నేటి సీడ్ సేవర్స్ ఎక్స్‌ఛేంజ్. అయోవా రాష్ట్రమున డెకోరా పట్టణ సమీపమున దానికి విశాలమైన క్షేత్రము కలదు. ఇరువది వేలకు పైబడిన రకములు భద్రపరుపబడినవి. సభ్యులు తమ యొద్ద నున్న విత్తనములను ప్రకటింపగా, ఏటేట ఆ జాబితా పుస్తకముగా వెలువడుచుండెను. కావలసినవారు స్వల్ప రుసుముతో నేరుగా ఆ సభ్యునికే జాబు వ్రాసి తెప్పించుకొనువారు.

ఇన్ని రకములు పెరళ్లలో దాగవలసిన అగత్యమేమని అడుగవచ్చును. అంగడికి వచ్చు టమాటా మొదట ప్రయాణము చేయవలెను. మదనపల్లె మార్కెట్టులో తెల్లవారుజామున ట్రేలు దింపు హమాలీల వేగమును చూచినవారికి ఈ మాట వేరుగ చెప్పనక్కరలేదు. లారీ కుదుపులకు పగులని తోలు, అన్నియు నొక్కసారి ఎరుపెక్కు గుణము, ఒకే పరిమాణము అక్కడ కావలసినవి. పలుచని తోలుతో, వంకరటింకరగా, పండినను తొడిమ చుట్టు పచ్చగా నుండు కాయకు అక్కడ ప్రవేశము లేదు. ఆ తొడిమ వద్ది పచ్చదనమును తొలగించి కాయ అంతటను సమానముగా పండునట్లు చేసిన జన్యుభేదమును ఇరువదవ శతాబ్దమున సంకర పరిశోధకులు ఎంతో మెచ్చి వ్యాపింపజేసిరి. ఆ పచ్చదనమే కాయలో చక్కెర కూడుటకు తోడ్పడుచుండెనని 2012లో తేలినది. అందముకొఱకు తీపిని కొంత చెల్లించితిమన్నమాట! పెరటి కాయకు ప్రయాణము పదడుగులే, వంటగది వరకు. కనుక దానికి ఏ షరతులును లేవు.

రంగుల మర్మము కూడ వింతైనది, పైగా ఇంటనే చూడదగినది. చారునకై టమాటాను వేడినీట వేసి ఒలిచినప్పుడు ఆ తోలును వెలుతురునకు పట్టి చూడుడు. ఎఱ్ఱని కాయ తోలు ఎరుపు కాదు, పసుపువన్నె గాజుకాగితము వలె నుండును. ఎఱ్ఱని గుజ్జుపై ఈ పసుపు తోలు కప్పినచో మనమెరిగిన టమాటా. అదే గుజ్జుపై వన్నె లేని తోలు కప్పినచో గులాబి టమాటా. మఱికొన్ని రకములలో కాయ పండినను పత్రహరితము విఱిగిపోక ఎరుపుతో కలిసి గోధుమవన్నెకు దిగును. దానిపై వన్నెలేని తోలున్నచో చెరోకీ పర్పుల్ వంటి ఊదారంగు, పసుపు తోలున్నచో చాక్లెట్ రంగు. లెహూలియర్ తోటలోనే కొన్నేండ్లకు ఒక చెరోకీ మొక్కకు తోలు రంగు మాత్రము తనంత తానే మారి చాక్లెట్ కాయలు కాచినది. ఆయన దానిని పెరికివేయక వేరొక పేరు పెట్టి గింజలు పంచెను.

ఇక గింజ తీయు విధానము. బాగుగ పండి మెత్తబడిన కాయను అడ్డముగా కోసి, గింజలను గుజ్జుతో సహా గాజుగ్లాసులోనికి పిండి, కొంచెము నీరు కలిపి రెండు మూడు దినములు కదలక ఉంచవలెను. గింజ చుట్టు నుండు జిగురుపొర మొలకను ఆపు గుణము కలది. కాయలోనే తడికి మొలచిపోకుండ ప్రకృతి వేసిన తాళమది. పులిసినప్పుడు ఆ పొర కరగును, పైన తెల్లని బూజు తేలును, వాసన మాత్రము గృహశాంతికి భంగకరము. పిమ్మట నీరు పోసి త్రిప్పినచో తాలుగింజలు పైకి తేలి, గట్టిగింజలు అడుగున నిలుచును. వానిని కడిగి, నీడపట్టున పళ్లెములో పరచి ఆరబెట్టవలెను. పళ్లెమని నొక్కి చెప్పుటకు కారణమున్నది. మొదటి యేట నేను వాడుక ప్రకారము వార్తాపత్రికపై ఆరబెట్టగా గింజలు కాగితమునకు బంకవలె అంటుకొనిపోయినవి. తుదకు ఆ వారపు శాసనసభ చర్చలతో సహా ముక్కలుగా కత్తిరించి మడిలో నాటితిని. మొలకెత్తినవి, నిజమే, కాని ఏ ముక్క ఏ రకముదో ఎవరికెరుక! బాగుగ ఎండి, మూత బిగించిన సీసాలో చల్లని చోట నుంచిన గింజలు నాలుగైదేండ్లు నిక్షేపముగ మొలచును.

గింజతోబాటు కథలు కూడ కవరులో ప్రయాణించును. పశ్చిమ వర్జీనియాలోని లోగన్‌లో రేడియేటర్ చార్లీగా ప్రసిద్ధుడైన మెకానిక్కొకడు పెద్దకాయల రకములను నాలుగింటిని తానే సంకరము చేసి, ఏండ్ల తరబడి ఏరి, 1940 దశకమున నారుమొక్క డాలరు చొప్పున అమ్మి, ఆరువేల డాలర్ల ఇంటి తాకట్టు ఆరేండ్లలో తీర్చెనట. ఆ కాయకు మార్ట్‌గేజ్ లిఫ్టర్, అనగా తాకట్టు విడిపించునది అని పేరు. ఇట్టి కథలలో కొంత పొడుగు చేరక మానదు; చెరోకీల కథకును కాగితపు సాక్ష్యము లేదు. ఐనను పేరున్న గింజ పది చేతులు మారును, పేరులేనిది సీసాలోనే పుచ్చిపోవును.

అంగడి పొట్లములోని హైబ్రిడ్ విత్తనమునకు కాచిన కాయ నుండి గింజ తీసి పంచువారు మాత్రము స్నేహితులకు చిక్కు తెచ్చిపెట్టుదురు. దాని సంతతి ఒక్కొక్కటి ఒక్కొక్క పోలికకు పోవును. తరమునకు తరము ఆ కలగాపులగము సగమునకు సగము తగ్గుచు వచ్చి, ఆరేడు తరములు ఏరిన పిదపగాని ఒక రకము స్థిరపడదు. ఓపిక కలవారికి ఇదియే వినోదము. లెహూలియర్, ఆస్ట్రేలియా దేశపు పాట్రీనా నస్కే స్మాల్ కలిసి తొట్లలో పెంచదగిన పొట్టి రకములను సృష్టింప పూనినప్పుడు, ఒకరి దేశమున చలికాలమైన రెండవవారి దేశమున వేసవియగుటచే, గింజలను భూగోళపు అటు నిటు పంపుకొనుచు ఏటికి రెండు తరములు గడించిరి.

మన దేశమున 2001 నాటి సస్యరకముల సంరక్షణ, రైతుల హక్కుల చట్టము, ముద్రవేసిన బ్రాండు విత్తనముగా అమ్మనంత వరకు, గింజను దాచుకొనుటకును, పంచుకొనుటకును, మార్చుకొనుటకును, అమ్ముకొనుటకును రైతునకు హక్కు నిచ్చుచున్నది. మిద్దెతోటలవారు పరస్పరము గింజలు మార్చుకొనుట తెలుగు పట్టణములలో నానాటికి పెరుగుచున్నది. అమెరికా నుండి వచ్చు పిల్లలను సూట్‌కేసు మడతలలో గింజలు తెమ్మని అడుగుట మాత్రము మానవలెను. కొన్ని మొండి వైరసులు గింజ పైపొర మీదనే ప్రయాణించును, దిగుమతికి ఆరోగ్య ధ్రువపత్రము తప్పనిసరి. రామములగ యనియు, దక్షిణపు సరిహద్దున తక్కాళి యనియు మనవారు పిలుచుకొన్న పుల్లని నాటు కాయలే ఇంకను పెక్కు పెరళ్లలో పేరు వ్రాయక మిగిలియున్నవి. మొదట వానిని వెదకుట మేలు.

వార్తాపత్రిక ముక్కలతో నాటిన ఆ మడిలో ఒక కేళీ మొక్క, అనగా ఏ రకముతోను పోలిక కుదరనిది, లేచినది. కాయలు నిమ్మపండంత, లేత నారింజవన్నె, తొడిమ చుట్టు ముదురు పచ్చచార. పప్పులో వేసిన పులుపు నిలుచును. ఎవరి బిడ్డయో నేటికిని తెలియదు. పొరుగింటి పిన్నిగారు, “ఏమండీ, ఆ చారలకాయ గింజలు నాకు కూడ నాలుగీయరూ?” అని రెండుమారు లడిగిరి. మూడవ తరము నారు ప్రస్తుతము రెండాకుల మీద నున్నది, పదునెనిమిది మొక్కలు. కాయలన్నియు ఒక్క పోలికన వచ్చినచో ఆమెకు పొట్లము కట్టి యిత్తును. పేరు వ్రాయవలసిన చోట ప్రస్తుతమునకు తేది మాత్రము వ్రాసి యుంచితిని.