పాత విండోస్‌ను ఉంచాలా, మార్చాలా? షాపులు, ఇళ్లలో తేల్చుకోవాల్సిన సంగతి

సత్తెనపల్లి లాంటి ఊళ్లో డీటీపీ షాపు కంప్యూటర్ చేయని పనంటూ ఉండదు. పొద్దున ఆధార్ స్కానింగ్, మధ్యాహ్నం స్కాలర్‌షిప్ ఫారం, పాస్‌పోర్ట్ అప్లికేషన్, సాయంత్రం షాదీ కార్డు. కార్డులో ఒక పక్క తెలుగు, ఇంకో పక్క ఉర్దూ. తెలుగుకు పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లు, ఉర్దూకు ఇన్‌పేజ్. పాత విండోస్ మీద ఇవన్నీ ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. నడుస్తున్న బండిని ఎందుకు మార్చాలన్నది చాలామంది యజమానుల ప్రశ్న.

ఆ ప్రశ్నలో న్యాయం ఉంది. కొత్త కంప్యూటర్ అంటే వేలల్లో ఖర్చు. మిర్చి, పత్తి రేటు పడిపోయిన ఏడాది షాపులకూ గిరాకీ తగ్గుతుంది. పైగా కొత్త విండోస్‌లో పాత ఇన్‌పేజ్, పాత పేజ్‌మేకర్ మొరాయిస్తే అసలు పనే ఆగిపోతుంది. కాబట్టి మార్చాలా వద్దా అని ఒక్క మాటలో తేల్చేయలేం. ఆ కంప్యూటర్‌తో ఏ పని చేస్తున్నారన్న దాన్ని బట్టి తేల్చుకోవాలి.

గడువు ముగియడం అంటే ఏమిటి?

విండోస్ 10 వచ్చింది 2015 జూలైలో. 2025 అక్టోబర్ 14తో మైక్రోసాఫ్ట్ దానికి మామూలు సపోర్ట్ ఆపేసింది. విండోస్ 7కు 2020 జనవరి 14న, ఎక్స్‌పీకి అంతకు చాలా ముందు 2014 ఏప్రిల్ 8నే గడువు అయిపోయింది.

గడువు ముగిసిన మర్నాడు కంప్యూటర్ ఆగిపోదు. అందుకే చాలామంది పట్టించుకోరు. ఆగేది భద్రతా అప్‌డేట్లు. విండోస్‌లో లోపాలు ప్రతి నెలా బయటపడుతూనే ఉంటాయి. సపోర్ట్ ఉన్న విండోస్‌కు కంపెనీ వెంటనే రిపేరు పంపుతుంది. సపోర్ట్ లేనిదానికి పంపదు. ఇంటి తలుపు గడియ విరిగిందని దొంగకు తెలుసు, బాగుచేసేవాడు మాత్రం రాడు. పరిస్థితి అలా ఉంటుంది.

గుంటూరు దాకా వచ్చిన ముప్పు

ఇది ఎక్కడో అమెరికాలో జరిగే విషయం కాదు. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచం మీద పడింది. కంప్యూటర్‌లోని ఫైళ్లన్నిటికీ తాళం వేసి, తీయాలంటే బిట్‌కాయిన్‌లో 300 డాలర్లు కట్టమని అడిగింది. 150కి పైగా దేశాల్లో రెండు లక్షలకు మించి కంప్యూటర్లు దెబ్బతిన్నాయి. బ్రిటన్‌లో ఆస్పత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దానికి చిక్కాయి. అప్పటికి సత్తెనపల్లి ఉన్న గుంటూరు జిల్లా కూడా ఆ జాబితాలో ఉంది.

ఇందులో గమనించాల్సిన విషయాలు రెండు. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే, రిపేరు ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బయటపడ్డారు, వేసుకోనివాళ్లు చిక్కారు. ఎక్స్‌పీ వాళ్లకైతే దాడి మొదలయ్యాకే ప్రత్యేకంగా రిపేరు విడుదలైంది. రెండోది, ఎవరూ ఏ లింకూ నొక్కకపోయినా ఆ వైరస్ ఒకే నెట్‌వర్క్‌లోని ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పాకింది. "మేం తెలియని లింకులు తెరవం, మాకేం కాదు" అన్న ధీమా అక్కడ పనికిరాలేదు.

ఉర్దూ డీటీపీ వాళ్లకు ఇంకో జాగ్రత్త. ఇన్‌పేజ్‌లోని ఒక లోపాన్ని వాడుకుని ఆసియాలోని బ్యాంకుల మీద దాడులు జరిగినట్టు కాస్పర్‌స్కీ సంస్థ 2016 నవంబర్‌లో బయటపెట్టింది. ఈమెయిల్‌లో మామూలు ఇన్‌పేజ్ ఫైల్‌లా వస్తుంది, తెరిస్తే వైరస్ దిగుతుంది. షాదీ కార్డు మేటర్ అంటూ ఎవరో పంపిన ఫైల్‌ను పాత ఇన్‌పేజ్‌లో తెరిచే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

ఎవరు ఏం చేయొచ్చు?

మొదట ఏ విండోస్ ఉందో చూసుకోవాలి. కీబోర్డ్‌లో విండోస్ గుర్తు, ఆర్ కలిపి నొక్కి, ఇంగ్లీషులో విన్‌వర్ అని టైప్ చేస్తే తెలిసిపోతుంది. విండోస్ 10 ఉన్నవాళ్లు మైక్రోసాఫ్ట్ వారి పీసీ హెల్త్ చెక్ అనే ఉచిత ప్రోగ్రాం వేసి చూడాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే సాధారణంగా ఎనిమిదో తరం లేదా ఆపైది, 4 జీబీ ర్యామ్, టీపీఎం 2.0 ఉంటే విండోస్ 11కు ఉచితంగా మారొచ్చు.

ఆ అర్హత లేని ఇంటి కంప్యూటర్లకు 2026 అక్టోబర్ 13 వరకు భద్రతా అప్‌డేట్లు పొందే పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే ఉచితం, లేదంటే 30 డాలర్లు. వ్యాపార సంస్థలకు మొదటి ఏడాది ఒక్కో కంప్యూటర్‌కు 61 డాలర్లు. ఇది శాశ్వత పరిష్కారం కాదు. డబ్బు సమకూర్చుకోవడానికి దొరికిన వ్యవధి అనుకోవాలి.

విండోస్ 7, ఎక్స్‌పీ ఉన్నవాళ్లకు ఆ దారి లేదు. పిల్లల చదువు, ఇంటర్నెట్, ఉత్తరాలు రాసుకోవడం వరకే అయితే లినక్స్ మింట్ లాంటివి ఉచితంగా వేసుకోవచ్చు. అందులో యూనికోడ్ తెలుగు, ఉర్దూ రెండూ వస్తాయి. పేజ్‌మేకర్, అను, ఇన్‌పేజ్ మాత్రం విండోస్ కోసం తయారైనవి. వాటి మీద బతికే షాపుకు లినక్స్ ఒక్కటే సరిపోదు.

అలాంటి షాపు పాత కంప్యూటర్‌ను పారేయనక్కర్లేదు. నెట్ వైరు తీసేసి, వైఫై ఆపేసి, కార్డుల పనికే ఉంచుకోవాలి. ఫైళ్లు మార్చడానికి ఒక పెన్‌డ్రైవ్ విడిగా పెట్టుకుని, ముందు సపోర్ట్ ఉన్న కంప్యూటర్‌లో స్కాన్ చేశాకే పాతదానికి పెట్టాలి. కస్టమర్ల పెన్‌డ్రైవ్ నేరుగా దానికి పెట్టకూడదు. ఆధార్, పాస్‌పోర్ట్, బ్యాంకు పనులన్నీ అప్‌డేట్లు వస్తున్న కంప్యూటర్‌లోనే చేయాలి. రెండో కంప్యూటర్ కొనే స్తోమత లేనివాళ్లు కనీసం తమ బ్యాంకు లావాదేవీలు అప్‌డేట్లు వస్తున్న ఫోన్‌కు మార్చుకోవాలి. అదొచ్చేదాకా ఇతరుల కాగితాలను పాత కంప్యూటర్‌లో పెట్టుకోకపోవడమే మంచిది.

తక్కువ ధరకు దొంగ విండోస్ 11 వేసిస్తామనేవాళ్లను నమ్మకూడదు. దాన్ని యాక్టివేట్ చేయడానికి వేసే క్రాక్‌తోనే చాలాసార్లు వైరస్ లోపలికొస్తుంది.

పోతే ఎవరి సొమ్ము?

కంప్యూటర్‌లో మన సొంత ఫొటోలే ఉంటే నష్టం మనకే. షాపు కంప్యూటర్‌లో ఉండేవి ఊరి జనం కాగితాలు. ఆడపిల్ల ఫొటో, పెద్దాయన పాస్‌పోర్ట్ కాపీ, పింఛను తీసుకునే అవ్వ బ్యాంకు పాస్‌బుక్. అవి షాపువాళ్ల చేతిలో అమానత్. పని అయిపోగానే స్కాన్ కాపీలు తుడిచేయాలి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయాలి. షాపుకు వెళ్లేవాళ్లు కూడా "మా ఫైల్ తీసేశారా?" అని అడగడంలో తప్పులేదు.

ఏ మార్పు చేసే ముందయినా బ్యాకప్ తప్పనిసరి. పాత కార్డుల ఫైళ్లను పీడీఎఫ్‌గా కూడా దాచుకోవాలి. అను ఫాంట్లు యూనికోడ్ కావు కాబట్టి, ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలు గజిబిజిగా వస్తాయి. బ్యాకప్ రెండు చోట్ల ఉండాలి. అందులో ఒకటి ఏ కంప్యూటర్‌కూ తగిలించకుండా బీరువాలో ఉండాలి.

డబ్బు పోయిందని తెలిస్తే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి, బ్యాంకుకూ చెప్పాలి. ఎంత తొందరగా చెబితే సొమ్మును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.