పుల్ల కదిలింది... చూశారా!

కాటు లేదు. కొండి లేదు. పరుగు అసలే రాదు. అయినా కోట్ల ఏళ్లుగా బతికేస్తోంది. దాని గుట్టంతా ఒక్కటే... కంటపడకపోవడం. అది కుదరకపోతే ఇంకో ఎత్తు, అదీ పారకపోతే మరో ఎత్తు! పుల్లపురుగు అమ్ములపొదిలోని ఆత్మరక్షణ విద్యల కథ ఇది.

వానాకాలం. నందిపేట్‌లో ఓ ఇంటి పెరడు. ఊరికి ఒకవైపు శ్రీరాంసాగర్ బ్యాక్‌వాటర్, మరోవైపు పసుపు చేలు. ఇంకా మసకచీకటి వీడలేదు. పూజకు నాలుగు మందారాలు కోద్దామని అమ్మమ్మ కొమ్మ వంచింది. పక్కనున్న ఎండుపుల్ల మెల్లిగా కాలు తీసి అవతలి రెమ్మ మీద వేసింది!

‘అవ్వో... పుల్లకు పాణమొచ్చిందిర!’ అని ఆమె కేక. మనవడు ఉరికొచ్చాడు. ‘ముట్టకు బిడ్డా, విషప్పురుగేమో’ అంటూ అమ్మమ్మ చీపురు కోసం చూసింది.

ఇది ఊహించుకున్న ముచ్చటే. కానీ పచ్చని చెట్టూ చేమా ఉన్న ఏ పెరట్లోనైనా జరగగలిగేదే. ఆ చీపురు లేచేలోపు కదిలిన పుల్ల ఎవరో తెలుసుకుంటే, బహుశా అది మళ్లీ మూలకు చేరుతుంది.

రాత్రి మేత... పగలు మౌనం

దాన్ని పుల్లపురుగు అంటారు. కర్రపురుగు అనేవాళ్లూ ఉన్నారు. శాస్త్రవేత్తలు ఈ జాతులన్నిటినీ ‘ఫాస్మటోడియా’ అనే క్రమంలో (ఆర్డర్) చేర్చారు. గ్రీకులో ‘ఫాస్మా’ అంటే మాయారూపం, దెయ్యం. ఉన్నట్టే ఉండి మాయమయ్యేదానికి అంతకన్నా మంచి పేరు ఏముంటుంది! ప్రపంచంలో ఇప్పటిదాకా మూడు వేలకు పైగా జాతుల్ని గుర్తించారు. పుల్లల్లా ఉండేవే కాదు, అచ్చం ఆకులా ఈనెలతో సహా ఉండే ఆకుపురుగులూ వీటి చుట్టాలే.

చాలామంది వీటిని చూసి గొల్లభామ అనుకుంటారు. రెండింటికీ పోలికే లేదు. గొల్లభామ వేటగత్తె. ముక్కోణపు తల, దండం పెడుతున్నట్టు మడిచిన ముందుకాళ్లతో ఇతర పురుగుల్ని పట్టి తింటుంది. పుల్లపురుగు పక్కా శాకాహారి. ఆకులు తప్ప మరోటి ముట్టదు. అదీ రాత్రిపూటే. తెల్లారితే కొమ్మకు అతుక్కుని ధ్యానంలోకి వెళ్లిపోతుంది.

ఈ ధ్యానం సోమరితనం కాదు. పక్షి, బల్లి, తొండ... ఇవన్నీ కదిలేదాన్నే ముందు చూస్తాయి. కదలకపోతే సగం గండం గట్టెక్కినట్టే.

మొదటి ఎత్తు: నేను లేను!

ఒళ్లంతా పుల్లలా ఉంటే సరిపోదు. తల, కాళ్లు, మీసాలు పట్టిచ్చేస్తాయి కదా! అందుకూ ఏర్పాటుంది. ముందరి రెండు కాళ్లనూ తలకు చెరోపక్క నుంచి తిన్నగా ముందుకు చాపేస్తుంది. ఆ కాళ్ల మొదట్లో చిన్న వంపు ఉంటుంది. తల సరిగ్గా అందులో ఇమిడిపోతుంది. ఇక తలేదో కాలేదో తెలియదు, అంతా ఒకటే పుల్ల.

గాలి వీస్తే? చుట్టూ కొమ్మలన్నీ ఊగుతుంటే ఒక్క పుల్ల కదలకుండా ఉన్నా అనుమానమే. అందుకే గాలికి తనూ అటూ ఇటూ ఊగుతుంది. కొన్ని జాతులు రంగు కూడా మారుస్తాయి. చర్మ కణాల్లోని రంగు రేణువులు పైకి కిందికి జరగడంతో పగలు లేత రంగులో, రాత్రి ముదురు రంగులో కనిపిస్తాయి.

రెండో ఎత్తు: దొరికిపోతే...

ఎంత దాక్కున్నా ఒక్కోసారి ముక్కు తగులుతుంది, వేలు తగులుతుంది. అప్పుడు చాలా పుల్లపురుగులు చేసే పని చచ్చినట్టు నటించడం. కాళ్లు ముడిచి కొమ్మ మీంచి టప్పున రాలిపోతుంది. కింద ఎండుటాకుల్లో పడ్డాక వెతకండి చూద్దాం! ఆ స్థితిలో దాని కాలు వంచి వదిలితే చాలాసేపు అలాగే ఉండిపోతుంది.

కాలు పట్టుకుని లాగితే? బల్లి తోక వదిలేసినట్టు కాలు వదిలేస్తుంది. తొడ మొదట్లో అందుకోసమే అన్నట్టు ఒక అతుకు ఉంటుంది. అక్కడ తెగితే రక్తస్రావం పెద్దగా ఉండదు. పిల్లపురుగైతే కుబుసం విడిచినప్పుడల్లా కొత్త కాలు కాస్త కాస్త పెరుగుతుంది. పెద్దదైపోతే మాత్రం కుబుసం ఉండదు కాబట్టి పోయిన కాలు పోయినట్టే. మీసం ఒక చోట తెగితే ఆ స్థానంలో మీసానికి బదులు కాలు మొలవడం కూడా శాస్త్రవేత్తలు చూశారు!

కొన్ని జాతులు బెదిరిస్తాయి. రెక్కలున్నవి వాటిని టక్కున విప్పి దాచుకున్న రంగుల్ని చూపిస్తాయి. ఎండుపుల్ల అనుకుని దగ్గరకొచ్చిన పక్షి ఒక్క క్షణం జంకుతుంది. ఆ క్షణమే దాని ఆయుష్షు. ఆస్ట్రేలియాలోని ఓ ముళ్ల పుల్లపురుగు తోకను తేలులా పైకి వంచుతుంది. కొండి ఉండదు, అంతా నాటకమే.

అమెరికాలోని ఫ్లోరిడా ప్రాంతంలో ఉండే రెండు చారల పుల్లపురుగు మాత్రం నాటకాలాడదు. తల వెనకున్న గ్రంథుల నుంచి ఘాటైన ద్రవాన్ని చిమ్ముతుంది. కంట్లో పడితే మనిషైనా విలవిల్లాడాల్సిందే. థామస్ ఐస్నర్ అనే శాస్త్రవేత్త 1965లో దీన్ని పరిశీలించి ఓ చిత్రమైన సంగతి చెప్పారు. చీమల్లాంటివి వస్తే అవి ముట్టుకునేదాకా ఆగుతుంది. పక్షి వస్తే మాత్రం ముక్కు తగలకముందే చిమ్మేస్తుందట! పక్షి ఒక్క పోటు పొడిస్తే రెండో అవకాశం ఉండదు మరి.

గుడ్డు నుంచే మొదలు

ఈ విద్యలు పెద్దయ్యాక నేర్చుకునేవి కావు. గుడ్డు దశ నుంచే మొదలు. పుల్లపురుగు గుడ్డును చూస్తే ఏదో మొక్క విత్తనం అనుకుంటాం. చాలా జాతుల్లో తల్లి వాటిని దాచదు, కొమ్మ మీంచి ఒక్కొక్కటే కిందికి జారవిడుస్తుంది. కొన్నిటి గుడ్లకు ఓ చివర చిన్న బొడిపె ఉంటుంది. చీమలకు అది తాయిలం. గుడ్డును పుట్టలోకి మోసుకెళ్లి, బొడిపె తినేసి, మిగతాది చెత్తలో పడేస్తాయి. అంటే చీమల కోటలో, పైసా ఖర్చు లేకుండా కాపలా! గుడ్లలో గుడ్లు పెట్టే పరాన్న కందిరీగల బెడద అక్కడ తక్కువ. పైన చెప్పిన ఆస్ట్రేలియా ముళ్ల పురుగు పిల్లలైతే పుట్టగానే చీమల్లాగే నల్లగా, ఎర్రటి తలతో గబగబా పరుగెడతాయి.

మరి తల్లిని గుడ్లతో సహా పక్షి మింగేస్తే? జపాన్‌లోని కోబె విశ్వవిద్యాలయానికి చెందిన కెంజి సుయెత్సుగు బృందం 2018లో దీనికీ జవాబు వెతికింది. మన పిగిలిపిట్టకు చుట్టమైన అక్కడి పిట్టకు మూడు జాతుల పుల్లపురుగుల గుడ్లు తినిపించారు. నూటికి 5 నుంచి 20 గుడ్లు రెట్టలో చెక్కుచెదరకుండా బయటికొచ్చాయి. వాటిలో కొన్ని పొదిగాయి కూడా! మర్రిపండు తిన్న కాకి విత్తనాన్ని ఎక్కడో వేసినట్టే, నడక కూడా సరిగా రాని పురుగు ఇలా దూరాలు దాటే వీలుందన్నమాట.

మన దక్షిణాది ఆడపడుచు

ఇంతకీ ప్రపంచంలో ఎక్కువమంది శాస్త్రవేత్తలు చూసిన పుల్లపురుగు ఎక్కడిదో తెలుసా? మన పక్కనున్న తమిళనాడుది! షెవరాయ్, పళని కొండలు దాని పుట్టిల్లు. పేరు ‘కరౌసియస్ మొరోసస్’. వాడుకలో ఇండియన్ స్టిక్ ఇన్‌సెక్ట్. 1901లో ఫ్రెంచి పరిశోధకుడు సినెటీ దీన్ని శాస్త్రలోకానికి పరిచయం చేశారు. అప్పట్నుంచీ యూరప్ ప్రయోగశాలల్లో, బడిపిల్లల గాజు సీసాల్లో దీనిదే రాజ్యం.

కారణం సులువు. నాలుగు గులాబీ ఆకులు వేస్తే చాలు, బతికేస్తుంది. సంతానానికి మగపురుగు అక్కర్లేదు. ఆడపురుగు ఒక్కటే వందల గుడ్లు పెడుతుంది, వాటిలోంచి మళ్లీ ఆడపిల్లలే వస్తాయి. మగవి కనబడటం అరుదు. పొడవు ఏడెనిమిది సెంటీమీటర్లు. ముందరి కాళ్ల మొదట్లో లోపలివైపు ఎర్రటి మచ్చలుంటాయి. కాళ్లు విడదీస్తేనే ఆ ఎరుపు కనబడేది.

జర్మనీలోని బీలెఫెల్ట్ విశ్వవిద్యాలయంలో హోల్క్ క్రూజె ఏళ్ల తరబడి దీని నడకనే చదివారు. ఆరు కాళ్లు ఒకదానికొకటి అడ్డం రాకుండా గతుకుల్లో ఎలా నడుస్తుందన్నది ఆయన ప్రశ్న. ఆ పరిశోధనల బాటలోనే అక్కడ ‘హెక్టర్’ అనే ఆరు కాళ్ల రోబో తయారైంది. తమిళ కొండల్లోని పురుగు జర్మన్ యంత్రానికి నడక నేర్పిందన్నమాట!

అయితే సీసాల్లోంచి తప్పించుకున్నవి అమెరికాలోని కాలిఫోర్నియా లాంటి చోట్ల స్థిరపడి, ఇళ్ల ముందరి అలంకరణ మొక్కల్ని తినేస్తున్నాయి. పుట్టింట్లో అణకువగా ఉన్న పురుగే పరాయి గడ్డ మీద తలనొప్పి అయ్యింది.

కంటిని మోసం చేసింది... కానీ

ఇన్ని ఎత్తులున్నా అన్నిచోట్లా గెలవలేదు. ఆస్ట్రేలియాకు తూర్పున సముద్రంలో లార్డ్ హోవ్ అనే చిన్న దీవి. అక్కడ అరచేయంత పొడవు, రెక్కల్లేని నల్లటి పుల్లపురుగు ఉండేది. 1918లో ‘మకాంబో’ అనే ఓడ ఆ తీరంలో నేలకు తగిలి చిక్కుకుపోయింది. దాంట్లోని ఎలుకలు ఒడ్డెక్కాయి. 1920 నాటికల్లా ఆ పురుగు దీవిలో కనిపించకుండా పోయింది. పగటి పక్షి కంటిని ఏమార్చే విద్య, రాత్రిపూట వాసన పట్టి తిరిగే ఎలుక ముందు ఏం పనిచేస్తుంది?

ఇక అంతరించిందనే అందరూ రాసేసుకున్నారు. 2001లో ఆ దీవికి 23 కిలోమీటర్ల దూరంలో, సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన ‘బాల్స్ పిరమిడ్’ అనే రాతి శిఖరం మీద పరిశోధకులకు ఓ పొద దొరికింది. దాని కింద... అవే పురుగులు! లెక్కపెడితే 24. 2003లో రెండు జంటల్ని తెచ్చి పెంచడం మొదలుపెట్టారు. వాటిలో ఒక జంట మెల్‌బోర్న్ జంతుప్రదర్శనశాలకు చేరింది. అక్కడ వేల సంఖ్యలో సంతానం పుట్టింది. అవి అసలు దీవి పురుగులేనని 2017లో జన్యు పరీక్షలు తేల్చాయి. 2019లో దీవిలో ఎలుకల్ని నిర్మూలించే పెద్ద కార్యక్రమం జరిగింది. పుట్టింటికి తిరిగి పంపాలన్నదే ఈ ప్రయత్నమంతా.

చీపురు పక్కన పెట్టండి

మళ్లీ మన పెరట్లోకి వద్దాం. లార్డ్ హోవ్ పురుగు ఎలుకను ఎరగదు. మన పుల్లపురుగు చీపురును ఎరగదు. పక్షికీ తొండకూ దాని దగ్గర జవాబుంది. భయపడ్డ మనిషికి లేదు. పైగా ‘చచ్చినట్టు పడి ఉండటం’ చెప్పు దెబ్బ నుంచి కాపాడదు కదా!

భయానికి కారణమూ లేదు. దీనికి కొండి లేదు, విషపు కోరలు లేవు. ‘పంట పాడుచేస్తుందేమో’ అనే అనుమానం రైతు ఇంట్లో సహజమే. కొన్ని దేశాల్లో ఇవి కొబ్బరినీ యూకలిప్టస్‌నూ నష్టపరిచిన మాట నిజం. కానీ బోధన్ చెరకు రైతును ఏడిపించేది పీకపురుగు. ఆర్మూర్, నందిపేట్ పసుపు రైతుకు నిద్రపట్టనివ్వనివి దుంపతొలుచు ఈగ, దుంపకుళ్లు. మందారం మీద ఒంటరిగా ఊగే పుల్లకు మందు కొట్టాల్సిన పని లేదు.

కనిపిస్తే పిల్లల్ని పిలవండి. టార్చి వేసి రాత్రిపూట ఆకు ఎలా కొరుకుతుందో చూపించండి. చేత్తో లాగొద్దు, కాలు ఊడొచ్చు. చేతి మీదికి ఎక్కించుకోవాలంటే ముందు అరచెయ్యి పెట్టి అదే ఎక్కేదాకా ఆగాలి. మొహానికి దగ్గరగా మాత్రం పెట్టుకోవద్దు, ఏ కొత్త పురుగుకైనా ఇదే నియమం. చూడటం అయ్యాక ఏ కొమ్మ మీద దొరికిందో ఆ కొమ్మ మీదే వదిలేయండి.

మర్నాడు పొద్దున మళ్లీ వెతకండి. అక్కడే ఉంటుంది. మీకు కనబడదు, అంతే!

మీకు తెలుసా?

* ప్రపంచంలో అతి పొడవైన పురుగు పుల్లపురుగే. చైనాలో దొరికిన జాతిలో ఒకటి కాళ్లు చాపితే 64 సెంటీమీటర్లు. అంటే రెండడుగులకు పైనే!

* 2025లో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ కొండ అడవుల్లో కొత్త జాతిని ప్రకటించారు. పొడవు 40 సెంటీమీటర్లు, బరువు 44 గ్రాములు. చెట్ల చిటారు కొమ్మల్లో ఉండటం వల్ల ఇన్నాళ్లూ ఎవరి కంటా పడలేదు.

* ఆకుపురుగులకు జామ ఆకులు ఇష్టం. పెంచేవాళ్లు ఎక్కువగా అవే మేపుతారు.