ఆరు తీగలు, పదహారు దారులు

గిటార్ సింథసైజర్ అంటే గిటార్ శబ్దానికి రంగులద్దే పరికరమని చాలామంది అనుకుంటారు గానీ, అది చేసే పని అంతకన్నా వింతైనది: తీగ ఏ స్వరాన్ని, ఎంత బలంతో, ఎంతసేపు పలికిందో కనిపెట్టి, ఆ సమాచారాన్ని మాత్రమే మరో వాద్యానికో కంప్యూటర్‌కో అందజేసి, వేణువునో వయొలిన్ల బృందాన్నో దానిచేత పలికిస్తుంది. ఈ సంగతిని ఖరగ్‌పూర్ వంటి రైల్వే పట్టణంలో వివరించడం సులువు. సిగ్నల్ కేబిన్ నుంచి పట్టాల పక్కన తీగల్లో వెళ్ళేది సరుకూ కాదు, ప్రయాణికులూ కాదు, ఏ బండి ఏ లైన్లోకి ఎప్పుడు రావాలన్న ఆదేశం మాత్రమే. మిడి అని పిలిచే ఏర్పాటులో కేబుల్ గుండా వెళ్ళేదీ అటువంటి ఆదేశమే, అందులో శబ్దం రవ్వంత కూడా ఉండదు.

1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పెంచిన ఈ ఊళ్ళో, కార్ఖానా పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన తెలుగు కుటుంబాలు తరతరాలుగా నింపురా, మథురాకాటి వంటి పేటల్లో స్థిరపడగా, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులు రైల్వే ఇన్‌స్టిట్యూట్ల నాట్య సభల ద్వారా పాశ్చాత్య వాద్యాలను ఇక్కడి చెవులకు అలవాటు చేశారు. బెంగాలీల ఇళ్ళకు గిటార్ మరో తోవన వచ్చింది. 1940లలో టావ్ మో వంటి హవాయి కళాకారులు కలకత్తాలో వాయించి, నేర్పించిన తర్వాత, కాజీ అనిరుద్ధ, సునీల్ గంగూలీ వంటివారి చేతుల్లో హవాయి గిటార్ బెంగాలీ పాటకు సొంత వాద్యమైపోయింది. 1951లో ఇక్కడి హిజ్లీలో మొదలైన ఐఐటీలో విద్యార్థులు పాశ్చాత్య సంగీతానికి ఒకటి, భారతీయ సంగీతానికి ఒకటిగా రెండు సంఘాలు నడుపుకుంటున్నారు. తెలుగు క్రైస్తవ ఆరాధనల్లోనైతే గిటార్, కీబోర్డు పక్కపక్కనే వినిపిస్తాయి. కాబట్టి ఆ రెండింటినీ ఒకే కంప్యూటర్‌కు కలిపితే ఏమవుతుందన్నది ఇక్కడివారికి అంత దూరపు ప్రశ్న కాదు.

కీబోర్డు విషయంలో సమస్యే లేదు, ఎందుకంటే దాని ప్రతి మీటా నిజానికి ఒక స్విచ్; నొక్కగానే అది ఎన్నో నంబరు స్వరమో పరికరానికి ముందే తెలిసి ఉంటుంది. గిటార్ తీగకు అటువంటి నంబరేదీ లేదు. తీగ కంపించాలి, ఆ కంపనాన్ని పరికరం విని, సెకనుకు ఎన్నిసార్లు ఊగుతోందో, అంటే దాని పౌనఃపున్యమెంతో కొలిచి, అప్పుడు స్వరాన్ని నిర్ణయించాలి. మామూలు పికప్, అనగా తీగ కంపనాన్ని విద్యుత్తుగా మార్చే అయస్కాంతపు బిళ్ళ, ఆరు తీగల ధ్వనినీ కలగలిపి పంపుతుంది కనుక, ఈ పనికి తీగకొకటి చొప్పున ఆరు చిన్న పికప్‌లున్న ప్రత్యేకమైన పట్టీని గిటార్ బ్రిడ్జి పక్కన అమర్చి, పదమూడు పిన్నుల కేబుల్‌తో సింథసైజర్‌కు కలపడం దశాబ్దాలపాటు ఆనవాయితీగా సాగింది.

అసలు చిక్కు కొలతలో ఉంది. గిటార్‌లో అన్నిటికన్నా మందమైన తీగ సెకనుకు సుమారు 82 సార్లు కంపిస్తుంది, అంటే ఒక్క ఊపుకే 12 మిల్లీసెకన్లు పడుతుంది; మీటిన తొలిక్షణంలో పుట్టే గరగర సద్దుమణిగి, రెండు ఊపులైనా చూస్తే తప్ప పరికరానికి నమ్మకం కుదరదు కాబట్టి, ఆ తీగ మీద ఆలస్యం 24 మిల్లీసెకన్లు దాటిపోతుంది. గాలిలో శబ్దం మీటరు దూరం పోవడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుందన్న లెక్కన, వాయిద్యకారుడికి స్పీకరు ఎనిమిది మీటర్ల అవతల ఉన్నట్టు తోస్తుంది. సన్నని తీగ సెకనుకు 330 సార్లు కంపిస్తుంది గనుక అక్కడ ఈ బాధ చాలా తక్కువ. అనుభవజ్ఞులు అందుకే మంద్ర స్వరాలను పై తీగల మీద వాయించి, సింథసైజర్‌లో ఒక స్థాయి కిందికి దించుకుంటారు. ఈ ఆలస్యానికి మిడి కేబులే కారణమని తరచూ నిందించడం అన్యాయం: సెకనుకు 31,250 బిట్ల వేగంతో నడిచే ఆ దారిలో ఒక స్వరపు ఆదేశం చేరడానికి ఒక్క మిల్లీసెకను చాలు.

జపాన్‌కు చెందిన రోలాండ్ సంస్థ తన తొలి గిటార్ సింథసైజర్ జీఆర్-500ను 1977లో తెచ్చింది. ఆ తర్వాత 1980లో వచ్చిన జీఆర్-300 పాట్ మెథీనీ చేతిలో ఎంత పేరు తెచ్చుకుందంటే, 1982 నాటి ఆయన ఆల్బం ఆఫ్‌రాంప్ విన్నవారికి ఆ బాకా వంటి గొంతు ఇప్పటికీ గుర్తే. ఇవన్నీ మిడికి పూర్వపు యంత్రాలు, వేర్వేరు సంస్థల వాద్యాలతో పంచుకునే ఉమ్మడి భాష వాటికి లేదు. రోలాండ్ అధినేత ఇకుతారో కకెహాషి, అమెరికాలోని సీక్వెన్షియల్ సర్క్యూట్స్ స్థాపకుడు డేవ్ స్మిత్ తదితరులు పోటీ సంస్థలను మిడి అనే ఒకే భాషకు ఒప్పించిన ఫలితంగా, 1983 జనవరిలో రెండు వేర్వేరు కంపెనీల కీబోర్డులు ఒకే కేబుల్‌తో కలిసి పలికాయి. ఆ కృషికి వారిద్దరికీ 2013లో సాంకేతిక గ్రామీ పురస్కారం లభించింది. ఆ కీబోర్డులు కలిసి పలికిన మరుసటి ఏడు, అంటే 1984లో, రోలాండ్ జీఆర్-700తో గిటార్ కూడా ఆ భాష మాట్లాడసాగింది.

తెలుగు సంగీతం ఎరిగినవారు అడగవలసిన ప్రశ్న ఇక్కడ మొదలవుతుంది: గమకం సంగతేమిటి? తోడి రాగంలోని గాంధారం ఒకచోట నిలిచే స్వరం కాదు, దాని ఊగిసలాటే దాని రూపం. మామూలు కీబోర్డు మీట దాన్ని ఒక నంబరుగా మార్చి, ప్రాణం తీసి పక్కన పెడుతుంది. కీబోర్డుకు ఎడమవైపున ఉండే చిన్న చక్రాన్ని తిప్పి శ్రుతిని వంచవచ్చు, కానీ ఆ వంపు ఒక దారిలో పలుకుతున్న స్వరాలన్నిటికీ ఒకేసారి తగులుతుంది. మిడిలో ఇటువంటి దారులు, వీటినే చానళ్ళు అంటారు, పదహారు ఉంటాయి. గిటార్ సింథసైజర్ రూపకర్తలు ఆరు తీగలకు ఆరు వేర్వేరు చానళ్ళు కేటాయించారు గనుక, ఒక తీగను లాగి గమకం పలికించినా తక్కిన ఐదు తీగలూ తమ శ్రుతిలో నిశ్చలంగా ఉంటాయి. ప్రతి స్వరానికీ ప్రత్యేక చానల్ అన్న ఈ పద్ధతిని కొత్తతరం కీబోర్డుల కోసం 2018లో ఎంపీఈ పేరుతో ప్రమాణంగా స్వీకరించినప్పుడు గొప్ప ముందడుగన్నారు. గిటార్ వాద్యకారులు అప్పటికే మూడు దశాబ్దాలుగా దానితోనే కాలక్షేపం చేస్తున్నారన్న మాట మాత్రం ఎక్కువగా వినబడలేదు.

శ్రుతి వంపును మిడి 16,384 మెట్లుగా విభజిస్తుంది, కాబట్టి రెండు స్థాయిలు పైకి, రెండు స్థాయిలు కిందికి వంగే ఏర్పాటులోనూ ఒక్కో మెట్టు అరస్వరంలో మూడువందల వంతు కన్నా పెద్దది కాదు, చెవికి అందేంత గరుకుదనం అందులో లేదు. పొరపాట్లు జరిగేది మరోచోట. ఆ 16,384 మెట్లు ఎన్ని అరస్వరాలకు సమానమన్నది పంపేవారు, అందుకునేవారు విడివిడిగా నిర్ణయించుకుంటారు. గిటార్ వైపు పన్నెండు అరస్వరాలని పెట్టి, కంప్యూటర్‌లోని వేణువుకు మామూలుగా ఉండే రెండు అరస్వరాలనే వదిలేస్తే, పూర్తి స్వరమంత లాగిన తీగ అరస్వరంలో మూడో వంతు మాత్రమే కదులుతుంది. పరికరం చెడిపోయిందని దుకాణానికి పరిగెత్తేముందు ఈ రెండు అంకెలు సరిపోయాయో లేదో చూసుకోవాలి.

కంప్యూటర్‌తో కలిపేటప్పుడు ఇప్పుడు పెద్ద సరంజామా అక్కరలేదు. కొన్ని పరికరాలు యూఎస్‌బీ ద్వారా నేరుగా ల్యాప్‌టాప్‌కు కలుస్తాయి, ఫిష్‌మన్ ట్రిపుల్‌ప్లే వంటివి కేబుల్ లేకుండానే పంపుతాయి, జామ్ ఆరిజిన్ వారి మిడి గిటార్ వంటి సాఫ్ట్‌వేర్ అయితే ప్రత్యేక పికప్ కూడా అడగకుండా మామూలు గిటార్ ధ్వనిలోంచే స్వరాలను ఏరుతుంది. రీపర్, క్యూబేస్ వంటి రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో గిటార్‌కు ఒకటి నుంచి ఆరు చానళ్ళు, మిడి కీబోర్డుకు ఏడో చానల్ ఇస్తే, గిటార్ వేణువై రాగం నడిపిస్తుండగా కీబోర్డు వయొలిన్ల ఆధారాన్ని పరుస్తుంది. కంప్యూటర్ ధ్వనిని దఫదఫాలుగా పోగుచేసి పంపుతుంది. ఆ దఫా 512 నమూనాలైతే మరో 12 మిల్లీసెకన్ల ఆలస్యం, 128కి తగ్గిస్తే 3 మిల్లీసెకన్లే కలుస్తుంది కనుక, తీగ దగ్గరి ఆలస్యం మీద దీన్ని కూడా మోపకపోవడం మంచిది. రికార్డయిన దానిలో పొరపాటున తగిలిన తీగల దొంగ స్వరాలు తప్పక ఉంటాయి, వాటిని తెర మీద చెరిపేయవచ్చు. అయితే స్వరాలన్నిటినీ తాళపు గీతలకు అంటించే సదుపాయాన్ని గమకాలున్న చోట వాడితే వంపు ఒకచోట, స్వరం ఒకచోట మిగులుతాయి. బెంగాల్ వానాకాలంలో తుప్పుపట్టిన తీగలతో వాయిస్తే ఏ సాఫ్ట్‌వేరూ స్వరాన్ని సరిగా పోల్చుకోలేదు, ఎందుకంటే అటువంటి తీగ కంపనమే సమంగా ఉండదు.

గిటార్ సింథసైజర్‌ను మన సంగీతం దాకా పట్టుకొచ్చిన ప్రముఖుడు జాన్ మెక్‌లాఫ్లిన్. 1984 నాటి మహావిష్ణు ఆల్బంలో సింక్లావియర్ అనే డిజిటల్ యంత్రాన్ని గిటార్‌తో పలికించిన ఆయన, పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ యు. శ్రీనివాస్‌తో రిమెంబర్ శక్తి బృందంలో ఏళ్ళ తరబడి వాయించారు. 2008లో విడుదలైన ఫ్లోటింగ్ పాయింట్‌ను చెన్నైలో రికార్డు చేసినప్పుడు ఆయన చేతిలో గిటార్ సింథసైజర్ ఉండగా, శ్రీనివాస్ తమ్ముడు యు. రాజేశ్ మాండొలిన్, కలకత్తా రాత్రి క్లబ్బుల్లో పేరు తెచ్చుకున్న లూయిజ్ బ్యాంక్స్ కీబోర్డు, బెంగాల్‌కే చెందిన దేబాశిష్ భట్టాచార్య స్లైడ్ గిటార్ అందుకున్నారు.

ఖరగ్‌పూర్ పరిసరాల్లో ఇంకా ఇళ్ళలో కనిపించే హవాయి గిటార్‌ను ఈ ఏర్పాటుకు కలపాలనుకునేవారికి పని కొంచెం కష్టమే. ఉక్కు కడ్డీ తీగ మీద జారినంతసేపూ రాపిడి శబ్దాన్ని పరికరం స్వరంగా భ్రమిస్తుంది, జారు పొడవుగా సాగితే వంపు హద్దు దాటి మధ్యలో కొత్త స్వరం మొదలవుతుంది. వంపు పరిధిని రెండువైపులా ఇరవైనాలుగు అరస్వరాలకు పెంచి, స్వరాలను దగ్గరి అరస్వరానికి సర్దే క్రోమాటిక్ పద్ధతిని ఆపి, వాయించని తీగలను అరచేతి అంచుతో అణచి ఉంచితే, ఆ జారు తెగకుండా నిలుస్తుంది.